కోళ్ల గూట్లో ఒక కర్ర: చెట్టు కొమ్మ నుంచి చట్టం దాకా

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక కర్ర ఉంది. కోళ్ల గూట్లో అడ్డంగా ఉంటుంది చూడండి, పొద్దుగూకేసరికి కోళ్లన్నీ ఎక్కి వరసగా కూర్చునే కర్ర, అదే మన హీరో. నవ్వొస్తోందా? నాకూ ఒకప్పుడు నవ్వొచ్చింది. ఆ నవ్వుకి ఒక కోడి ప్రాణం పోయింది. అందుకే ఈ కథ చెప్తున్నాను.

2020 లాక్‌డౌన్‌లో ఆఫీసు ఇంటికొచ్చేసింది కదా, నేను అమ్మమ్మ వాళ్ల ఊరు వెళ్లిపోయాను. ఖాళీగా ఉండలేక ఆరు పెట్టల్ని కొన్నాను. మూడు నాటువి, మూడు బాగా బరువుండే రకం. ఫోన్‌లో నాలుగు వీడియోలు చూసి గూడు కట్టేశాను. ప్లైవుడ్ గోడలు, ఇనప జాలీ, పైన రేకు. నేల మీద ఊక పరిచాను. చూడ్డానికి భలే ఉంది. అమ్మమ్మ వచ్చి, వంగి లోపలికి చూసి, ఒకటే మాట అడిగింది. "కర్ర ఏదిరా?"

మోటారు పని అయ్యాక మిగిలిన ప్లాస్టిక్ పైపు ముక్క ఒకటుంటే దాన్ని అడ్డంగా బిగించాను. "ఇదిగో కర్ర" అన్నాను. కోళ్లు ఎక్కాయి, జారాయి. మళ్లీ ఎక్కాయి, మళ్లీ జారాయి. రెండు రోజులు అలా చూసి, మూడో రోజు నుంచి ఒక మూలన నేల మీదే కుప్పగా పడుకోవడం మొదలుపెట్టాయి. నేను పట్టించుకోలేదు. అమ్మమ్మ మాత్రం అంది: "నేల మీద పడుకున్న కోడి నీది కాదు నాన్నా, పిల్లిది."

పిల్లి రాలేదు. వాన వచ్చింది. ఊక తడిసింది, రెట్ట కలిసింది, కోళ్లు రాత్రంతా దాని మీదే. కొన్ని వారాలకి ఎర్ర పెట్ట కుంటడం మొదలుపెట్టింది. కాలు తిప్పి చూస్తే అరికాలు వాచి ఉంది, మధ్యలో నల్లటి చెక్కు. పశువుల డాక్టరుగారికి చూపించేసరికి ఆలస్యమైపోయింది. తడి, రెట్ట, చిన్న గాయం, ఈ మూడూ కలిస్తే ఇలాగే అవుతుందన్నారు ఆయన. వారానికి అది చచ్చిపోయింది.

ఆ తర్వాతే నేను చదవడం మొదలుపెట్టాను. అసలు కోడికి కర్ర ఎందుకు? ఎప్పటి నుంచి? చదువుతూ పోతే అది కోడి చరిత్రే అయి కూర్చుంది.

మొదటి నుంచి వద్దాం. మన ఇళ్లలో కోడికి పూర్వీకుడు ఎర్ర అడవికోడి. ఆగ్నేయాసియా నుంచి మన దేశం దాకా అడవుల్లో ఇప్పటికీ ఉంది. పగలంతా నేల మీద తిరుగుతుంది, గీరుతుంది, గింజలూ పురుగులూ ఏరుకుంటుంది. చీకటి పడే ముందు చెట్టెక్కేస్తుంది. ఎందుకంటే చీకట్లో కోడికి చూపు బాగా తక్కువ. నేల మీద పిల్లి ఉంటుంది, నక్క ఉంటుంది, పాము ఉంటుంది. చూపు లేని వేళలో దానికి దిక్కు కొమ్మే. అంటే కొమ్మ ఎక్కడం కోడికి సరదా కాదు, ప్రాణం కాపాడుకునే అలవాటు. మన పెద్దవాళ్లు సాయంత్రాన్ని కోళ్లు గూటికి చేరే వేళ అన్నారంటే, గడియారం చూసి కాదు, ఈ అలవాటు చూసే.

మరి చెట్టు మీద పక్షి మన పెరట్లోకి ఎలా వచ్చింది? 2022లో వచ్చిన పరిశోధనలు ఒక మంచి జవాబు ఇచ్చాయి. థాయ్‌లాండ్‌లో బాన్ నాన్ వాట్ అనే చోట తవ్వకాల్లో పెంపుడు కోడివని గట్టిగా చెప్పగలిగిన ఎముకలు దొరికాయి. కాలం సుమారు క్రీ.పూ. 1650 నుంచి 1250 మధ్య. అక్కడ అప్పటికి వరి, చిరుధాన్యాల సాగు నడుస్తోంది. చేల అంచుల్లో రాలిన గింజల కోసం అడవికోళ్లు దిగి వచ్చి ఉంటాయని, అలా మనుషుల దగ్గర అలవాటు పడ్డాయని పరిశోధకుల మాట. అంటే కోడిని మనం వలేసి పట్టి తెచ్చుకున్నదానికన్నా, వడ్లగింజ పిలిస్తే అదే వచ్చిందనుకోవచ్చు. వచ్చేటప్పుడు చెట్టుని మాత్రం తీసుకురాలేకపోయింది. ఆ చెట్టుకి బదులు మనం ఇచ్చిందే గూట్లో కర్ర.

ఇక్కణ్నుంచి రోమ్‌కి వెళ్దాం, ఎందుకంటే గూడు ఎలా కట్టాలో కొలతలతో సహా రాసిపెట్టింది వాళ్లు. క్రీ.పూ. మొదటి శతాబ్దంలో వర్రో అనే పండితుడు వ్యవసాయం మీద పుస్తకం రాస్తూ, గూట్లో కోళ్లన్నిటికీ చాలినన్ని కర్రలు అడ్డంగా పెట్టాలన్నాడు. ఆ తర్వాతి శతాబ్దంలో కొలుమెల్లా వచ్చాడు. స్పెయిన్‌లో పుట్టి, ఇటలీలో పొలాలు చేయించిన మనిషి. వ్యవసాయం మీద 12 భాగాల గ్రంథం రాశాడు. అందులో 8వ భాగంలో కోళ్లున్నాయి. అది చదువుతుంటే నాకు ఒళ్లు జలదరించింది, నిజంగా.

ఆయన చెప్పింది నా మాటల్లో చెప్తాను. కోళ్లు తమ రెట్ట మీద పడుకోకూడదు. రెట్ట కాళ్లకి అంటుకుంటే పాదాల జబ్బు వస్తుంది. అది రాకుండా ఉండాలంటే కర్రలు పెట్టాలి. ఆ కర్రల్ని గుండ్రంగా నున్నగా ఉంచొద్దు, చెక్కి పలకలుగా చెయ్యాలి, లేకపోతే ఎక్కిన పక్షికి పట్టు దొరకదు. ఎదురెదురు గోడలకి కన్నాలు పెట్టి కర్రలు దూర్చాలి. నేల నుంచి ఒక అడుగు ఎత్తు, కర్రకీ కర్రకీ మధ్య రెండు అడుగుల ఎడం.

ఒక్కసారి ఆలోచించండి. నా ఎర్ర పెట్ట చచ్చిపోయింది పాదాల జబ్బుతో. కారణం రెట్ట మీద పడుకోవడం. అలా పడుకోవడానికి కారణం గుండ్రటి నున్నటి పైపు. దాదాపు 2000 ఏళ్ల కిందట ఒకాయన ఈ మూడిటినీ ఇదే వరసలో రాసిపెట్టి పోయాడు. నేను చూసిన నాలుగు వీడియోల్లో లేని మాట అది.

ఇంకో సంగతి. కోళ్ల గూడు వంటింటికి దగ్గర్లో, పొగ తగిలేలా ఉంటే కోళ్లకి మంచిదని కూడా రాశాడు కొలుమెల్లా. మా అమ్మమ్మ పాత మట్టిగూడు ఎక్కడుండేదో తెలుసా? పెరట్లో, కట్టెల పొయ్యి గోడకి ఆనుకుని. అమ్మమ్మ లాటిన్ చదవలేదు, కొలుమెల్లా మా ఊరు రాలేదు. రెండు చోట్లా కోడి ఒకటే, దాన్ని రోజూ గమనించే కళ్లూ ఒకలాంటివే. అందుకే జవాబు కూడా ఒకటే వచ్చింది.

ఇప్పుడు నా రెండో తప్పు చెప్తాను. ఎర్ర పెట్ట పోయాక పైపు పీకేసి మంచి సరుగుడు కర్ర తెచ్చాను. ఈసారి అతి తెలివి. అడవికోడి చెట్టెక్కుతుంది కదా, ఎంత ఎత్తుంటే అంత సంతోషం అనుకుని నా గుండెల ఎత్తున బిగించాను. నాటు కోళ్లు టకటకా ఎక్కేశాయి. బరువు కోళ్లు కూడా కిందామీదా పడి ఎక్కాయి. కానీ పొద్దున్నే దూకేటప్పుడు ధబ్‌మని పడేవి. ఒక రోజు బొద్దుపెట్ట లేవలేదు. అదృష్టం బాగుండి పది రోజులకి కోలుకుంది.

ఈ తప్పుకి కూడా చరిత్రలో జవాబుంది. 1840ల్లో చైనా నుంచి కొచ్చిన్ అనే భారీ కోళ్లు ఇంగ్లండు చేరాయి. విక్టోరియా రాణి తన కోసం పెంచుకుంది. రాణి పెంచితే జనం ఊరుకుంటారా? ఇంగ్లండులో, అమెరికాలో కోళ్ల పిచ్చి పట్టుకుంది. 1849లో బాస్టన్‌లో పెద్ద కోళ్ల ప్రదర్శన జరిగింది. ఇప్పుడు మనం కొత్త ఫోన్ కోసం ఎగబడ్డట్టు అప్పుడు కొత్త కోడి కోసం ఎగబడ్డారు. మన బ్రహ్మపుత్ర నది పేరు తగిలించుకున్న బ్రహ్మ జాతి కూడా అప్పటి మోజే. ఈ కోళ్లు ఒంటి నిండా ఈకలతో ఏనుగు పిల్లల్లా ఉండేవి, ఎగరలేవు. అందుకే ఆ కాలంలో కోళ్ల పెంపకందార్లు వీటికి కర్రలు కిందికి దించి పెట్టమని చెప్పడం మొదలుపెట్టారు.

అసలు విషయం ఇది. కోడి ఒళ్లు మనం మార్చేశాం, దాని అలవాటు మాత్రం అలాగే ఉంది. అడవికోడి ఏడాదికి పది పదిహేను గుడ్లు పెడుతుంది. ఇవాళ ఫారం కోడి దాదాపు 300 పెడుతుంది. గుడ్డు పెంకుకి కావలసిన కాల్షియం దాని ఎముకల్లోంచి కూడా పోతుంది. అందుకే ఎముకలు బలహీనం. దానికీ రాత్రి పైకెక్కాలనే ఉంటుంది, దూకితే మాత్రం రొమ్ము ఎముక చిట్లే ప్రమాదం ఉంది. కర్ర ఉండాలి, ఆ కోడి ఒంటికి తగ్గ ఎత్తులో ఉండాలి. ఈ రెండో సగం నేను మర్చిపోయాను.

ఇక మనిషి ఏకంగా కర్రనే మర్చిపోయిన కాలానికి వద్దాం.

1920ల దాకా కోళ్లని ఏడాది పొడుగునా నాలుగు గోడల మధ్య పెంచడం కుదిరేది కాదు. ఎండ తగలకపోతే కాళ్లు వంకరపోయేవి. ఆ దశాబ్దంలో విటమిన్ డి సంగతి తెలిసింది. కాడ్ చేప కాలేయపు నూనె మేతలో కలిపితే ఎండ లేకపోయినా కోడి బతుకుతుందని తేలింది. ఆ ఒక్క సంగతితో తలుపులు మూసుకున్నాయి. 1930ల నుంచి అమెరికాలో తీగ బోనులు వచ్చాయి, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చాలా దేశాలకి పాకాయి. బోనులో కోడి అడుగున కూడా తీగే. రెట్ట కిందికి జారిపోతుంది, గుడ్డు దొర్లి ముందుకొస్తుంది. రోగాలు అదుపులో ఉన్నాయి, కూలి ఖర్చు తగ్గింది, గుడ్డు చవకైంది. కర్ర ఎక్కడుంది? లేదు. రెట్ట అంటకుండా ఉండటమే కర్ర పని అయితే ఆ పని తీగే చేస్తోంది కదా అనుకున్నారు. కొలుమెల్లా మాటలో సగం తీసుకున్నారు. కోడి దేన్ని వెతుక్కుంటూ పైకెక్కుతుందో ఎవరూ అడగలేదు.

అడిగినవాళ్లు తర్వాత వచ్చారు. 1964లో ఇంగ్లండులో రూత్ హారిసన్ అనే ఆవిడ 'యానిమల్ మెషీన్స్' అనే పుస్తకం రాసింది. షెడ్ల లోపల జంతువులు ఎలా ఉంటున్నాయో జనానికి చూపించింది. గొడవ ఎంత పెద్దదైందంటే ప్రభుత్వం బ్రాంబెల్ అనే జంతుశాస్త్రవేత్త నాయకత్వంలో కమిటీ వెయ్యాల్సి వచ్చింది. 1965లో ఆ కమిటీ నివేదిక చెప్పిన కనీస అవసరాలు చూడండి: జంతువు నిలబడగలగాలి, పడుకోగలగాలి, వెనక్కి తిరగగలగాలి, ఒళ్లు శుభ్రం చేసుకోగలగాలి, కాళ్లూ రెక్కలూ చాపగలగాలి. ఇవి కూడా అడగాల్సి వచ్చిందంటే అప్పటి పరిస్థితి అర్థం చేసుకోండి.

స్విట్జర్లాండ్ అందరికన్నా ముందు కదిలింది. 1981లో నియమం తెచ్చి, రైతులకి పదేళ్లు గడువిచ్చి, 1991 చివరికల్లా బోనులు ఆపేసింది. మిగతా దేశాల్లో వాదన నడుస్తూనే ఉంది. కోడికి నిజంగా కర్ర కావాలా, లేక జాలిపడే మనుషుల ఊహా? దీన్ని ఓల్సన్, కీలింగ్ అనే ఇద్దరు పరిశోధకులు స్వీడన్‌లో పరీక్షించారు. కర్ర ఉన్న గదికీ కోడికీ మధ్య ఒక తలుపు పెట్టారు. తోస్తే తెరుచుకుంటుంది. తలుపు బరువు పెంచుతూ పోయారు. రాత్రి వేళ కర్ర కోసం కోళ్లు ఆ బరువైన తలుపుని తోసుకుని వెళ్లాయి. ఆ ఫలితాలు 2002లో అచ్చయ్యాయి. కోడి నోరు తెరిచి చెప్పలేదు కాబట్టి ఒంటితో తోసి చెప్పిందన్నమాట.

ఈలోగా 1999లో ఐరోపా సమాఖ్య ఒక ఆదేశం తెచ్చింది. పాత పద్ధతి ఖాళీ బోనులు 2012 జనవరి 1 నుంచి చెల్లవు. అప్పటిదాకా వాటిలో ఒక్కో కోడికి 550 చదరపు సెంటీమీటర్లు చాలనేవారు. మన జిరాక్స్ ఏ4 కాగితం 620 దాటుతుంది. అంటే కాగితం కన్నా తక్కువ చోటు. కొత్త నియమంలో చోటు పెరిగింది, దాంతోపాటు ఒక చిన్న వాక్యం చేరింది: ప్రతి కోడికీ కనీసం 15 సెంటీమీటర్ల కర్ర. నాకు ఈ వాక్యం చాలా ఇష్టం. అడవిలో ఊరికే దొరికే కొమ్మ మళ్లీ కోడికి చేరడానికి పార్లమెంట్లు, కమిటీలు, దశాబ్దాల వాదనలు కావాల్సొచ్చాయి.

మన సంగతేంటి? అనపర్తి, తణుకు వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన పొడవాటి షెడ్లు మీరు చూసే ఉంటారు. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ముందు వరసలో ఉన్నది మన తెలుగు రాష్ట్రాలే. బి.వి.రావు గారి చొరవతో 1982లో వచ్చిన నెక్ సంస్థ వల్ల గుడ్డు ధర విషయంలో రైతుకి ఒక గొంతు వచ్చింది. బడిలో మధ్యాహ్న భోజనంలో పిల్లాడి కంచంలో గుడ్డు పడుతోందంటే, దాని వెనక ఈ షెడ్లూ ఈ బోనులూ ఉన్నాయి. నేనూ ఆ గుడ్లు తిన్నవాణ్నే. కాబట్టి రైతుని దోషిగా నిలబెట్టి వేలు చూపించడం నాకు ఇష్టం లేదు. కానీ ప్రశ్న మన దేశానికీ వచ్చింది. 2017 జులైలో లా కమిషన్ తన 269వ నివేదికలో కోళ్ల పెంపకం, రవాణా గురించి రాసి, నియమాల ముసాయిదా కూడా ఇచ్చింది. గుడ్డు అందరికీ అందాలి, కోడికి కర్ర కూడా అందాలి. రెండూ ఎలా అన్నది మీ తరం తేల్చాల్సిన లెక్క.

సరే, పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకుందాం అనుకునేవాళ్లకి, నేను రెండు తప్పులు చేసి నేర్చుకున్నది చెప్తాను.

కర్ర చెక్కదే అయి ఉండాలి. ప్లాస్టిక్ పైపు, ఇనప గొట్టం జారుతాయి, పైగా ఎండకి కాలి చలికి చల్లబడతాయి. వడ్రంగిని అడిగితే రెండంగుళాల రీపరు ఇస్తాడు. వెడల్పు నాలుగైదు సెంటీమీటర్లు ఉంటే చాలు. పలకగానే ఉంచండి, అంచులు మాత్రం చిత్రిక పట్టించి మొద్దు చెయ్యండి, లేకపోతే పాదం కోసుకుంటుంది. పెచ్చులు లేకుండా గరుకు కాగితంతో ఒకసారి రుద్దండి. రంగు, వార్నిష్ వద్దు, మళ్లీ జారుడే.

ఎత్తు విషయంలో బరువు కోళ్లకి అడుగు, అడుగున్నర దాటొద్దు. నాటు కోళ్లకి ఇంకా ఎత్తున్నా పర్వాలేదు, దిగడానికి మధ్యలో ఒక మెట్టు కర్ర ఉంటే మేలు. ఒక్కో కోడికి జానెడు చోటు లెక్కేసుకోండి. గోడకి కనీసం 20 సెంటీమీటర్లు, కర్రకీ కర్రకీ మధ్య కనీసం 30 సెంటీమీటర్లు వదలండి, ఇది ఐరోపా నియమం చెప్పే కొలతే. ఒక కర్ర సరిగ్గా ఇంకోదాని కింద ఉండొద్దు. కింద కూర్చున్నదాని నెత్తిన రెట్ట పడుతుంది.

ఇంకో చిట్కా. నార్వేలో షెల్డెరప్ ఎబ్బె అనే ఆయన చిన్నప్పటి నుంచి కోళ్లని చూస్తూ పెరిగి, వాటిలో ఎవరు ఎవర్ని పొడవచ్చో ఒక వరస ఉంటుందని 1920ల మొదట్లో రాశాడు. పై కర్ర కోసం పెద్ద కోళ్లు కొట్టుకుంటాయి. చోటుంటే కర్రలన్నీ ఒకే ఎత్తులో పెట్టండి, గొడవ సగం తగ్గుతుంది. చివరిగా, కర్రని మేకులతో శాశ్వతంగా కొట్టేయొద్దు, గాడిలో కూర్చోబెట్టండి. కోళ్లని పట్టే నల్లి పురుగులు పగలు కర్ర సందుల్లో దాక్కుంటాయి. నెలకోసారి తీసి కడిగి ఎండలో పెట్టాలి.

నేను మూడోసారి అలాగే కట్టాను. వేప కర్రలు రెండు, పలకలుగా చెక్కించి, అడుగున్నర ఎత్తులో. ఆ సాయంత్రం అమ్మమ్మా నేనూ పెరట్లో గట్టు మీద కూర్చుని చూశాం. చీకటి పడుతుంటే ఒక్కోటీ లోపలికెళ్లింది, ఎక్కింది, కాస్త జరిగింది, పక్కదాన్ని ఆనుకుని సర్దుకుంది. బొద్దుపెట్ట ఆఖర్న వెళ్లి కర్ర చివర కూర్చుంది. కాసేపు గొణుక్కున్నాయి, తర్వాత చప్పుడు ఆగిపోయింది. ఐదు కోళ్లు ఒకే వరసలో. ఆరోది ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

అమ్మమ్మ లేస్తూ అంది: "ఇప్పుడు తలుపెయ్యి."

అదండీ కర్ర కథ. మీ ఇంట్లో పెద్దవాళ్లు కోళ్లు పెంచి ఉంటే గూట్లో ఏ కర్ర వాడేవారో, ఎంత ఎత్తులో పెట్టేవారో ఇవాళే అడగండి. పుస్తకాల్లో లేని కొలతలు వాళ్ల దగ్గర ఉంటాయి.